పాత పడవ మేకు

జూన్ 3

నీళ్ళు 18. ప్రెషరు సరే. వాన.

ఈ రోజు మిషను మూశాం. మా అక్క కూతురు లహరి, టెక్నీషియను మణికుమారు, నేను. అట్టడుగున తొడిగే డబ్బాలాంటి లోపలి క్యాను నా చేతికిచ్చింది లహరి. మణికుమారు వేళ్ళు లావు, ఆ సందులో దూరవు. నావి దూరతాయి. ఐసు ప్లాంటులో ముప్పై ఎనిమిదేళ్ళు వాల్వుల సందుల్లో తిరిగిన వేళ్ళు.

మొదలుపెట్టే ముందు లహరి అందరినీ ఆపింది. "ఇనుము ఏదున్నా బయట పెట్టెయ్యండి. బెల్టు, తాళాలు, కడియం, సబ్ కుఛ్. ఒక్క సూది కూడా లోపలికి రాకూడదు," అంది.

నేను బెల్టు తీశాను. తాళాల గుత్తి తీశాను. మొలతాడుకున్న పిన్నీసు కూడా తీశాను.

మేకు సంగతి వేరు.

మా ఇంట్లో కొత్త పడవ కట్టినప్పుడు, ఆఖరి పలక బిగించే ముందు, పాత పడవ మేకు ఒకటి ఆ పలక కింద పెడతారు. ఇంటికి పెద్దవాడు పెట్టాలి. పెట్టినట్టు బయటివాళ్ళతో అనకూడదు. అంటే ఆ పడవ మనల్ని నమ్మదని నాన్న చెప్పేవాడు. నాన్న భీమిలి వైపు నుంచి ఓడలో వేసుకుని ఈ దీవికి తెచ్చిన పడవ సునామీలో ముక్కలైంది. మేకులన్నీ అక్క ఏరి పాలపిండి డబ్బాలో దాచింది. పొద్దున్న బస్సుకి బయలుదేరుతుంటే ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. "నా కూతురికి పడవంటే అదే గదరా. పెద్దోడివి నువ్వే," అంది.

స్పిరిటుతో రెండుసార్లు తుడిచాను. చేతి తొడుగులో దాచాను. క్యాను అడుగున ఒక గాడి ఉంది, దాంట్లో సరిగ్గా పట్టింది. క్యాను పైకెత్తి బోల్టులు బిగించాను.

చిటికెన వేలంత మేకు. మిషను నా కంటే ఎత్తు.

"శభాష్ మావయ్యా," అంది లహరి. ఇంటికొచ్చాక కూడా ఆ మాట చెవిలో ఉంది.

జూన్ 4

నీళ్ళు 18. పంపులు మిషను లోపలి గాలి లాగుతున్నాయి.

అక్క గుమ్మంలోనే పట్టుకుంది.

"ఎట్టినావా?"

తల ఊపాను.

"ఎవుల్తోటీ అన్లేదు గదా."

"లేదు."

"నీ నోట్లోంచి మాటొస్తే గదా అండానికి," అని నవ్వింది. తరవాత పక్కన కూర్చుంది. "అవునొరే నూకన్నా, దానికంత సలి ఎందుకురా? సేపలేటైనా దాస్తారా?"

లహరినే అడగమన్నాను.

"అడిగినాను. ఇంగిలీసులో సెప్పింది. తెలుగులో సెప్పవే అంటే హిందీలో సెప్పింది."

నాకూ తెలియదు. తెలిసినంత రాస్తున్నాను. అది లెక్కలు చేసే మిషను. మామూలు కంప్యూటరు కాదు, క్వాంటం అంటారు. రాగి పళ్ళాలు అంతస్తులుగా పైకప్పు నుంచి వేలాడుతుంటాయి. కింది అంతస్తుకి పోయేకొద్దీ చలి. అట్టడుగున గోరంత చిప్పు. నా ఐసు ప్లాంటు చలి దీని ముందు ఎండాకాలం. దాని కంప్రెసరు వేడెక్కకుండా పద్దెనిమిది డిగ్రీల చన్నీళ్ళు తిప్పే ప్లాంటు నా పని. రిటైరై ఇంట్లో కూర్చున్నవాణ్ణి లహరి పిలిచి పెట్టింది.

ఆమెను ఆర్కిటెక్టు అంటారు. ఇళ్ళు కట్టేవాళ్ళకి కదా ఆ పేరు అన్నాను ఒకసారి. "ఇదీ ఇల్లే మావయ్యా," అంది. ఏ అంతస్తులో ఎంత చలి ఉండాలి, ఏ తీగ ఎక్కడినుంచి దిగాలి, పైన కంప్యూటరు అడిగింది కిందికెలా పోవాలి, కింది జవాబు చెడకుండా పైకెలా రావాలి. ఒక్కొక్క పనికీ ఒక్కొక్కరు ఉన్నారట. అన్నీ కలిపి ఒకటిగా గీసేది ఆమె.

బెంగుళూరులో పన్నెండేళ్ళు చేసింది ఈ పని. కరెంటు పోయే చోట, తేమ పట్టే చోట కూడా ఇలాంటి మిషను నిలబడుతుందని పైవాళ్ళకి మాటిచ్చి, దీన్ని మా దీవిలో హాడో రేవుకి తెప్పించింది. తీగలన్నీ కొత్త పద్ధతిలో గీసింది. మూడేళ్ళ పని అది. జూలై 28న పైవాళ్ళు చూడ్డానికొస్తారు. ఆ రోజు మిషను చెప్పినట్టు చేస్తే ఇక్కడే ఉంటుంది. లేకపోతే ఓడెక్కుతుంది. లహరి మాట కూడా దానితోపాటే.

అందుకే పెట్టాను మేకు.

జూన్ 10

నీళ్ళు 18. చలి అందింది.

వీరేంద్ర గోల్ ఘర్ బజారు నుంచి లడ్డూలు తెచ్చి పంచాడు. ఇక్కడి మేనేజరు ఇతను, మనవాడే. తెలుగు మాట్లాడుతూ మాట్లాడుతూ హిందీలోకి జారిపోతాడు.

"క్యా చాచా, మీ బర్ఫ్ ఫ్యాక్టరీలో ఇంత ఠండా చూశారా ఎప్పుడైనా?" అన్నాడు.

అందరూ నా వంక చూశారు. లడ్డూ నోట్లో పెట్టుకున్నాను.

జూన్ 13

నీళ్ళు 18.

అడుగున చిప్పులో లహరి ఒక గుర్తు పెడుతుంది. అది కాసేపు చెరగకుండా నిలవాలి. నిలిచినంతసేపే లెక్క చెయ్యగలరు. వంద నిలవాలట. వంద అంటే రెప్పపాటులో వెయ్యో వంతు. అంత చిన్న కాలాన్ని కొలిచే మనుషులున్నారు, వాళ్ళలో ఒకతె మా ఇంట్లో అన్నం తింటుంది.

వందకి పదకొండు నిలుస్తోంది.

మొదట్లో అలాగే ఉంటుందని మణికుమారు అన్నాడు.

జూన్ 19

నీళ్ళు 18, 18, ఆ తరవాత లేదు.

లహరి నా పంపు ఆపించింది. పంపు అదురు మిషనుకి తగులుతోందేమో చూడాలంది. ఒక గంట ఆపాను. ఆ గంటా ప్లాంటు గదిలో స్టూలు మీద కూర్చున్నాను. నా పంపు అదరదు. కింద రబ్బరు నేనే వేశాను.

గంట తరవాత మణికుమారు వచ్చి, "ఆన్ చెయ్ తాతా. నీ పంపు బేకసూర్, దాని తప్పేం లేదు," అన్నాడు. పదకొండు పదకొండే.

నాకు ముందే తెలుసు.

ముందే తెలుసు అని ఎందుకు రాశానో. పంపు సంగతి తెలుసని.

జూన్ 26

నీళ్ళు 18. గట్టి వాన.

లహరి ఇవాళ వార్ఫ్ మీద గొడుగేసుకుని నిలబడింది. ఓడలోంచి క్రేను పెట్టెలు దించుతుంటే ఏ నిమిషంలో ఏది కదిలిందో కాగితం మీద రాసుకుంది. కాగితం తడిసిపోయింది. క్రేను ఇనుము కదా, దాని ప్రభావం ఉందేమో అని. నేను టీ పట్టుకెళ్ళాను.

"నువ్వెందుకొచ్చావు మావయ్యా, తడిసిపోతావు," అంది. టీ తాగుతూ ఓడ వంక చూసింది. "నాకు దొరకడం లేదు," అంది.

నాతో అన్నదో ఓడతో అన్నదో.

క్రేను నడిచినా పదకొండే. ఆగినా పదకొండే.

జూలై 3

నీళ్ళు 18.

సాయంత్రం అన్నం దగ్గర లహరి తినకుండా కలుపుతూ కూర్చుంది.

"ఏటే, సేప బాగులేదా?" అంది అక్క.

"బాగుందమ్మా." నా వైపు తిరిగింది. "లోపల ఎక్కడో అయస్కాంతం ఉన్నట్టు చేస్తోంది మావయ్యా. కానీ ఆ క్యానే దానికి గొడుగు. బయటిది లోపలికి రాదు. లోపలా ఏమీ లేదు. నేనే చూశాను కదా."

నేను ముల్లు తీసుకుంటున్నాను.

"మూసిన రోజు అందరూ ఇనుము తీసేశారు కదా?"

"తీశాం."

"నువ్వూ?"

"బెల్టు తీశాను. తాళాలు తీశాను. పిన్నీసు కూడా."

"పిన్నీసు కూడానా," అని నవ్వింది. చాలా రోజులకి నవ్వింది.

అక్క మజ్జిగ కోసం లోపలికెళ్ళింది. మజ్జిగ ముందే తెచ్చి పెట్టి ఉంది.

అబద్ధం చెప్పలేదు.

జూలై 4

అబద్ధం చెప్పలేదు. అడిగింది బెల్టుల గురించి.

జూలై 7

నీళ్ళు 18. పాత ఇనుములో అయస్కాంతం గుణం పోతుందని ఎవరో అనగా విన్నాను. ఎవరో గుర్తు లేదు. ఉప్పునీళ్ళలో యాభై ఏళ్ళున్న మేకు.

జూలై 10

నీళ్ళు 19. వాల్వు సర్దాను, 18.

ప్లాంటు గది బయట ముగ్గురూ మాట్లాడుకున్నారు. తలుపు తీసే ఉంది.

"విప్పి చూసేద్దాం మేడం," అన్నాడు మణికుమారు.

"విప్పి ఏం చూడాలి?" అంది లహరి. "వేడెక్కడానికి మూడు రోజులు. విప్పి మూయడానికి రెండు. మళ్ళీ చలి దిగడానికి నాలుగు. ట్యూనింగుకి రెండో మూడో. పదహారో తారీకున మొదలుపెడితేనే ఇరవై ఎనిమిదికి అందుతాం. ఏం వెతుకుతున్నామో తెలిస్తే ఈ క్షణం విప్పేస్తాను. తెలియకుండా విప్పితే ఈ పదకొండు కూడా చూపించలేం."

"ఔర్ పదహారు దాటితే?" అన్నాడు వీరేంద్ర.

"దాటితే ఇంతే."

"మేడం, బురా మత్ మానియే, ఏమీ అనుకోకండి. మీ తీగల పద్ధతిలోనే ఏదైనా..."

"అదే అనుకుంటున్నాను నేను కూడా," అంది లహరి.

ఆమె గొంతు నాకు తెలుసు. ఐదో క్లాసులో పరీక్ష పోయిందని ప్రోతరాపూర్ బస్సులో నా పక్కన కూర్చుని చెప్పినప్పుడు అదే గొంతు.

జూలై 14

నీళ్ళు 18.

మధ్యాహ్నం పని మధ్యలో జెట్టీకి వెళ్ళాను. కన్నబాబు పడవ కట్టి ఉంది. మా పక్క వీధివాడు. వల బాగుచేసుకుంటున్నాడు. పొద్దున్నే ఇంట్లో డబ్బాలోంచి ఇంకో మేకు తీసి జేబులో వేసుకుని వెళ్ళాను. ఎందుకు వేసుకున్నానో రాయక్కర్లేదు.

"ఏటి మాఁవా, దారి తప్పినావా? సేపలు గావాలా?"

"దిక్సూచి ఒకసారి చూడాలి."

"నీకేటి పని మాఁవా దాంతోటి? పడవెక్కితే కక్కుతావు గదా నువ్వు." నవ్వుతూనే కేబినులోకి రమ్మన్నాడు.

ముల్లు ఉత్తరానికి నిలబడి ఉంది. మేకు దగ్గరగా తీసుకెళ్ళాను. జానెడు దూరంలో ఉండగానే ముల్లు నా చేతి వైపు తిరిగింది. తిప్పి పెట్టాను. ముల్లు వెనక్కి తిరిగింది.

"పడవ మేకులంతే గదా," అన్నాడు కన్నబాబు. "కొట్టీ కొట్టీ అయస్కాంతం అయిపోతాయి. అందుకే గదా ఈ దిక్సూచి గాజుకి దరిదాపుల్లో కొట్టం. మీ నాన్నకి తెల్సు ఇది. నీకు సెప్పలేదా?"

సముద్రం మీద పనికి రానివాడికి ఎందుకు చెప్తాడు.

తిరిగి ప్లాంటుకి వచ్చాను. లహరి గది తలుపు మూసి ఉంది.

రేపు చెప్తాను.

జూలై 15

అక్కకి జ్వరం. పొద్దున్నే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. బల్ల మీద నాలుగు గంటలు కూర్చున్నాం. అక్కడ చెప్పాను అక్కకి, ముల్లు తిరిగిన సంగతి.

అక్క కొంగు సర్దుకుంది. తరవాత అంది, "అంత పెద్ద మిషన్ని ఒక్క మేకు ఆపేస్తాదా?"

"ఆపేస్తుంది."

"నీకెలా తెల్సు? నువ్వేటి సదువుకున్నావు?"

నిజమే.

"సెప్పకు," అంది. "పిల్ల ఇంక మన మొకం సూడదు. మొత్తం అందరికీ తెలుస్తాది. మేనమామ ఇలాటి పని సేసినాడని దాన్నే అంటారు."

మాత్రలిచ్చారు. ఒంటి గంటకి ఇంటికొచ్చాం. రెండు గంటల బస్సు ఉంది. అక్క పడుకుంది. ఒంటరిగా వదలకూడదు కదా.

పక్కింటి సీతాలు వచ్చి నేను చూసుకుంటానంది. అప్పటికి రెండు దాటింది.

జూలై 16

నీళ్ళు 18.

పదకొండున్నరకి లహరి గది తలుపు దగ్గరికి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. ఒక్కతే ఉంది. బల్ల నిండా కాగితాలు, తీగల బొమ్మలు. ఒక్కో తీగని ఎర్ర పెన్నుతో కొట్టుకుంటూ పోతోంది.

"ఏం మావయ్యా?"

నిలబడ్డాను.

"ఏమైంది?"

"నీళ్ళు పద్దెనిమిది," అన్నాను.

"ఠీక్ హై," అంది.

ప్లాంటు గదికి వచ్చేశాను. తరవాత మూడు గంటలకి ఇంకోసారి వెళ్ళాను. ఫోనులో ఉంది. తరవాత వాన గట్టిగా పట్టింది. తరవాత బస్సు.

జూలై 17

చెప్పలేదు.

జూలై 18

నీళ్ళు 18. ప్రెషరు సరే.

జూలై 19

నీళ్ళు 18. ప్రెషరు సరే.

జూలై 21

నీళ్ళు 18. ప్రెషరు సరే. అక్కకి తగ్గింది.

జూలై 22

నీళ్ళు 18. ప్రెషరు సరే. బయటివాళ్ళతో అనకూడదని పద్ధతి. నేను పెట్టింది కాదు ఆ పద్ధతి.

జూలై 24

నీళ్ళు 18.

లహరి బయటివాళ్ళలోకి వస్తుందా.

జూలై 28

పైవాళ్ళు ముగ్గురు వచ్చారు. ఇద్దరు మగవాళ్ళు, ఒకావిడ. నా ప్లాంటు కూడా చూశారు. ఆవిడ పంపు మీద చెయ్యి పెట్టి, బాగుందని తల ఊపింది.

తరవాత లోపల మూడు గంటలు. లహరి మాట్లాడింది, వాళ్ళు రాసుకున్నారు. గాజు తలుపులోంచి కనబడుతోంది. మాటలు వినబడవు. ఆమె బోర్డు మీద బొమ్మ గీసింది, చెరిపింది, మళ్ళీ గీసింది. కరెంటు ఒకసారి పోయింది. మిషను ఆగలేదు. ఆ సంగతి చూపించి లహరి ఏదో చెప్పబోయింది. ఆవిడ చేత్తో తెర మీదున్న అంకె చూపించింది.

నాలుగింటికి విమానానికి వెళ్ళిపోయారు. లడ్డూలు తెప్పించి ఉంచాడు వీరేంద్ర. పెట్టె విప్పలేదు.

జూలై 29

మిషను వేడెక్కించమన్నారు. విప్పి పెట్టెల్లో పెట్టి పంపించెయ్యాలి. ఆగస్టు నెలాఖరు ఓడకి.

వీరేంద్ర ప్లాంటు గదికి వచ్చి నిలబడ్డాడు. "చాచా, ఈ మిషను లేకపోతే మీ నీళ్ళు ఎవరికి?" అన్నాడు. ఎగతాళికి కాదు. అతనికీ వేరే ఉద్యోగం చూసుకోవాలి.

ఆగస్టు 1

వారంగా నీళ్ళ అంకె రాయలేదు. ఎక్కువేం లేదు రాయడానికి.

మణికుమారు గోడకి జారబడి బీడీ కాల్చుకుంటూ చెప్పాడు. లహరి రిపోర్టు పంపిందట. తప్పు తీగల పద్ధతిలోనే ఉందని, ఆ పద్ధతి తనదేనని, ఇంక ఎవరూ దాన్ని వాడొద్దని రాసిందట.

"ఆ పద్ధతి బాగుంది తాతా. మిషను ఎంత బాగా నిలబడిందో నేను చూశాను. కరెంటు పోయినా కదల్లేదు. కానీ మేడం తన పేరు తనే కొట్టేసుకుంది. తీన్ సాల్ కా కామ్, మూడేళ్ళ పని, ఒక్క పేజీలో." బూడిద దులిపాడు. "ఇంక ఎవరూ ఆవిడ చేతికి ఇంత పెద్ద పని ఇవ్వరు."

సోమవారం క్యాను దించుతాం. దించేది నేనే. మూసిన చేతులే విప్పాలి. మేకు గుప్పిట్లో పట్టేస్తుంది. ఎవరూ చూడరు. అక్క కూడా అదే అంది, ఇవాళ పొద్దున్న.

ఆగస్టు 2

గుప్పిట్లో పట్టేస్తుంది.

ఆగస్టు 3

ఆదివారం. లహరి పగలంతా పడుకుంది. అక్క రెండుసార్లు గదిలోకి తొంగి చూసి వచ్చింది. మూడోసారి నన్ను చూడమంది. చూశాను. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"మావయ్యా, నాకు ఈ పని రాదేమో," అంది. "ఇన్నాళ్ళూ వచ్చనుకున్నానేమో."

నీకు వచ్చు, అన్నాను. దుప్పటి కప్పి వచ్చేశాను.

ఆగస్టు 4

విప్పాం.

ముందు పై తొడుగులు. తరవాత లోపలివి. ఆఖరికి ఆ క్యాను. మణికుమారు నిచ్చెన మీద. లహరి టార్చి పట్టుకుని నా భుజం దగ్గర. ఆమె కాగితం చూసుకుంటోంది, తీగలు ఎక్కడెక్కడ ఎలా ఉన్నాయో చివరిసారి రాసుకోవడానికి. క్యానులోకి చూడ్డం లేదు.

ఎనిమిది బోల్టులు. ఎనిమిదోది తీశాక బరువు నా చేతుల్లోకి వచ్చింది. కిందికి దించాను. మేకు గాడిలోనే ఉంది, పెట్టినట్టే. నల్లగా, తడి లేకుండా. తొడుగు చెయ్యి లోపలికి పెట్టాను. వేళ్ళు మేకు మీద ఉన్నాయి.

చెయ్యి బయటికి తీసేశాను. ఖాళీగా తీశాను.

క్యాను తీసుకెళ్ళి లహరి ముందున్న బల్ల మీద పెట్టాను. ఆమె కాగితం మీద. 

"ఏం చేస్తున్నావు మావయ్యా, కాగితం..." అంది. అని లోపలికి చూసింది. టార్చి వేసింది.

"ఇదేంటి?"

"మనదే," అన్నాను. "మన పడవది."

మణికుమారు నిచ్చెన దిగి వచ్చాడు. చూశాడు. లహరి వంక చూశాడు. బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు.

"ఎవరు పెట్టారు?"

"నేను."

"మూసిన రోజా?"

"ఊఁ."

ఆమె అరవలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది. టార్చి వెలుగుతూనే ఉంది, ఆర్పలేదు.  తరవాత ఫోను తీసి క్యాను లోపల నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసింది. పక్కన స్కేలు పెట్టి ఇంకో రెండు తీసింది.

"దాన్ని ముట్టుకోకు," అంది. "ఎవరినీ ముట్టుకోనివ్వకు."

బస్సులో నా పక్కన కూర్చోలేదు. ముందు సీటులో కూర్చుంది.

ఇంట్లో అక్క ఎదురొచ్చింది. మా ఇద్దరి మొహాలూ చూసి, "నానే ఇచ్చినానే లహరీ. నీ మంచికేనే," అంది. లహరి చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, గదిలోకి వెళ్ళింది.

ఆగస్టు 5

ఇవాళ లహరి ఆఫీసుకి వెళ్ళలేదు. మధ్యాహ్నం వరండాలో బల్ల వేసి కంప్యూటరు పెట్టింది. నన్ను పిలిచింది.

"జరిగింది జరిగినట్టు రాసి ఇయ్యాలి నువ్వు," అంది. "ఆ రిపోర్టు వెనక్కి తీసుకుని దీన్ని పెడతాను. నా డిజైను తప్పు కాదని తెలుస్తుంది. నిన్ను అక్కడ పెట్టింది నేనేనని కూడా తెలుస్తుంది. వాళ్ళు ఏది పెద్దదనుకుంటారో నాకు తెలీదు."

"నీ ఉద్యోగం?"

"చెప్పాను కదా. తెలీదు."

రెండు పేజీలు రాశాను. ఇచ్చాను. అటూ ఇటూ తిప్పింది. తెలుగు చదవడం ఆమెకి కష్టం, అందులో నా చేతిరాత. "నువ్వే చదువు. నేను ఇంగ్లీషులో టైపు చేస్తాను," అంది.

అరవై తొమ్మిదేళ్ళలో ఒకరి ముందు అంతసేపు మాట్లాడలేదు నేను. ఒక్కో వాక్యం చదివాను. ఒక్కో దానికీ ఆగి అడిగింది. కోపంగా కాదు. ఆఫీసులో మణికుమారుని అడిగినట్టు.

"మొన ఏ వైపు ఉంది? తలుపు వైపా, కిటికీ వైపా?"

"కిటికీ వైపు."

"స్పిరిటుతో తుడిచావా, అసిటోనా?"

"స్పిరిటు."

"నేను ఇనుము వద్దన్నది విన్నావా?"

"విన్నాను."

"విని?"

"మేకుని ఇనుము అనుకోలేదు."

తల ఎత్తింది. "మరేం అనుకున్నావు?"

 "మన ఇంటిది అనుకున్నాను," అన్నాను. దాన్ని ఇంగ్లీషులో ఎలా పెట్టాలో చాలాసేపు ఆలోచించింది. ఏదో పెట్టింది.

తరవాత దిక్సూచి సంగతి చదివాను. కన్నబాబు పేరు, జెట్టీ. తారీకు చదివాను. పద్నాలుగు.

వేళ్ళు ఆగాయి.

"జూలై పద్నాలుగా?"

"ఊఁ."

"ఆగస్టు కాదు."

"జూలై."

ఆమె వాన వంక చూసింది. పెదాలు కదిలాయి. లెక్క పెట్టుకుంటోందని తెలిసింది. వేడెక్కడానికి మూడు, విప్పి మూయడానికి రెండు, చలికి నాలుగు. నేనూ అలాగే లెక్క పెట్టుకున్నాను, ఈ ఇరవై రోజులూ.

"సరిపోయేది," అంది. "మావయ్యా, సరిపోయేది."

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అక్క వింటోంది.

తారీకు వదిలేస్తుందేమో అనుకున్నాను.  వదల్లేదు. ఒకటి, నాలుగు, రెండు మీటలూ నొక్కింది. నేను చూశాను.

"పద్నాలుగు నుంచి పదహారు దాకా ఏం చేశావు?" అంది.

కాగితం మీద దాని గురించి రాయలేదు నేను. అక్కకి జ్వరం అందామనుకున్నాను. బస్సు అందామనుకున్నాను. నువ్వు ఫోనులో ఉన్నావు, వాన పట్టింది, నాన్న చెప్పొద్దన్నాడు. అన్నీ నోటి దాకా వచ్చాయి.

"ఏమీ చెయ్యలేదు," అన్నాను.

అదీ టైపు చేసింది.